గజ ఈతగాళ్ళ చెమట

నేను కాపురానికి వచ్చేసరికే ఆ ఇంట్లో రెండు పార్టీలున్నాయి. ముందు గది మా మామగారిది, వెనక గది మా అత్తగారిది. రెండింట్లోనూ ఉన్నవి బొమ్మలే. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ మనుషులు. సైనికులు, అంతరిక్షంలో తిరిగేవాళ్ళు, ముసుగు వీరులు, నీళ్ళలో దూకేవాళ్ళు. మెడ, నడుము, కాళ్ళు, చేతులు అన్నీ తిరుగుతాయి. షాపులవాళ్ళు వాటిని యాక్షన్ ఫిగర్లంటారు. మా ఇంట్లో బొమ్మలనే అంటారు. కాకపోతే ఆ మాట మామగారి నోట ఒకలా, అత్తగారి నోట మరోలా పలుకుతుంది.

మామగారి బొమ్మలన్నీ పాతకాలం నాటివి. ఒక్కటి కూడా విప్పలేదు. వెనక రంగుల అట్ట, ముందు గాజులా మెరిసే ప్లాస్టిక్ బుడగ, ఆ బుడగలో బొమ్మ. ఫ్యాక్టరీలో ఎలా అతికించారో అలాగే ఉండాలి. అట్ట మూల నలిగితే ఆయన మనసు నలుగుతుంది. ఉద్యోగం చేసినంతకాలం దుకాణాలకు వెళ్ళి తూకాలు తనిఖీ చేసి సీలు వేసిన మనిషి. సీలు తెగిన తూకాన్ని వీధి చివరి నుంచే పసిగట్టేవారని పేరు. ఊళ్ళో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు, ‘సీలు సారు’ అంటే చాలు. రిటైరయ్యాక తనిఖీకి దుకాణాలు లేకపోయేసరికి, రోజూ పొద్దున్నే భూతద్దం పట్టుకుని తన గదిలో బొమ్మలనే తనిఖీ చేసేవారు.

అత్తగారు పెద్దాసుపత్రిలో పిండికట్లు వేసే గదిలో పనిచేస్తుంది. చెయ్యి విరిగిన పిల్లలు చంకలో బొమ్మతో వస్తారు కదా. కట్టు వేయించుకోమంటే ఏడుస్తారు. ముందు బొమ్మకు కట్టు వేసి, ఆ తర్వాత పిల్లాడికి వేస్తుంది. అలా మొదలైందట ఆవిడకు ఈ పిచ్చి. పాత సామాన్ల దుకాణాల్లో చెయ్యి ఊడినవీ తల వేలాడేవీ ఏరి తెచ్చి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, బిగుసుకున్న కీళ్ళు మెల్లగా కదిలించి, లేని చేతికి మరో చెయ్యి దొరికేదాకా ఓపిక పట్టి బాగుచేస్తుంది. వెనక గదిలో ఎవరైనా ఏ బొమ్మనైనా ముట్టుకోవచ్చు. ముందు గదిలో గాలి కూడా అడిగి లోపలికి రావాలి.

“మీ మామగారివి జైల్లో ఉన్నాయమ్మా,” అని చెప్పింది అత్తగారు, నేను వచ్చిన మొదటివారమే.

“మీ అత్తగారివి ఆసుపత్రిలో ఉన్నాయి,” అన్నారు మామగారు, పేపరు మడుస్తూ. “ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆవిడ కంటికి ఆనరు.”

మా ఆయన రెండు గదుల మధ్య పెరిగిన మనిషి. చిన్నప్పుడు నాన్న గదిలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడినని, అమ్మ గదిలో నేల మీద దొర్లేవాడినని చెప్పాడు. “నన్ను మాత్రం ఏ పార్టీలోకీ లాగొద్దు,” అని ముందే దండం పెట్టి తప్పుకున్నాడు. నేను ఏ పార్టీలోనూ చేరలేదు. కళ్ళద్దాల షాపులో నా పని. ముక్కు మీద సరిగ్గా కూర్చోని ఫ్రేమును వేడిగాలి ముందు పెట్టి, మెత్తబడ్డాక మనిషి ముఖానికి తగ్గట్టు వంచడం. ప్లాస్టిక్ ఎంత వేడికి వంగుతుందో, ఎంత వేడికి పాడవుతుందో నా వేళ్ళకు తెలుసు. అందుకే ఇద్దరూ నన్ను తమ మనిషే అనుకునేవారు.

మామగారి గదిలో అన్నిటికన్నా పై అరలో ఉండేవాళ్ళు గజ ఈతగాళ్ళు. ఎప్పుడో మూతపడ్డ ఒక కంపెనీ చేసిన బొమ్మలవి. నల్లటి మెత్తని రబ్బరులాంటి దుస్తులు, వీపున గాలి సిలిండరు, కాళ్ళకు చేప తోకల్లాంటి రెక్కలు. దళపతి, ఈటెవాడు, దివిటీవాడు, ఇలా దళమంతా విప్పని అట్టల్లో వరసగా ఉండేది. వాళ్ళ మధ్యలో ఎర్ర జుట్టు ఈతగత్తె. ఆవిణ్ణి కంపెనీ కొన్నాళ్ళే చేసి ఆపేసిందట. విప్పని అట్టలో ఆ బొమ్మ ఉన్నది మామగారి దగ్గరే. బొమ్మలు సేకరించేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు దగ్గర మార్పిడికి తీసుకున్నారు. అందుకు బదులుగా తన దగ్గరున్న మంచి ముసుగు వీరుల్ని ముగ్గురిని వదులుకున్నారు. సంఘం ఏటా పెట్టే ప్రదర్శనలో ‘విప్పనివి’ అనే విభాగంలో ఆవిడదే ఎప్పుడూ మొదటి స్థానం.

ఒక ఆదివారం పొద్దున మామగారికి టీ ఇవ్వడానికి ముందు గదిలోకి అడుగుపెట్టాను. గడప దాటగానే ఏదో వాసన నా ముఖాన కొట్టింది. ఎండలో తలుపులు మూసి వదిలేసిన కారులో సీట్ల వాసన, దానికి ఒకరకమైన వెగటు తీపి. టీ కప్పు అక్కడే బల్ల మీద పెట్టేసి పెరట్లోకి పరిగెత్తాను.

అత్తగారు వెనకాలే వచ్చి నా తల పట్టుకుంది. కక్కడం అయ్యాక ముఖం కడిగించి, నన్ను ఎగాదిగా చూసి, “ఏమే, ఎన్నాళ్ళయింది?” అంది.

“ఏం ఎన్నాళ్ళు? ఆ గదిలో వాసన అత్తయ్యా. భరించలేకపోయాను.”

“ఆ గదిలో వాసనేం లేదు. ముప్పై ఏళ్ళుగా ఊడుస్తున్నాను. నేనడిగేది వేరే.”

మర్నాడు పరీక్ష చేయించుకుంటే ఆవిడ అనుకున్నదే నిజమైంది. మా ఆయన కూర్చోలేక కాసేపు ఇల్లంతా తిరిగాడు. అత్తగారు తన గదిలో ఒక అర ఖాళీ చేసింది, ఎందుకని అడిగితే చెప్పలేదు. మామగారు మాత్రం సంతోషంగా నా తల నిమిరి, పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి అడిగారు.

“అమ్మా, ఆ వాసన ఏ అర వైపు నుంచి వచ్చింది?”

“ఏవండీ,” అంది అత్తగారు, “కోడలు కడుపుతో ఉందని చెబుతుంటే, మీకు అరల గోలేంటి?”

“శుభమే కదా, కాదన్నానా. కానీ వేవిళ్ళ ముక్కు అబద్ధం చెప్పదు. నువ్వే చెప్పావు, మన అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు పక్కింట్లో సబ్బు మార్చిన సంగతి కనిపెట్టానని.”

ఆ మాటతో అత్తగారు కూడా ఆలోచనలో పడింది.

మామగారు తనిఖీ మనిషి. ఊరికే నమ్మరు, ఊరికే కొట్టిపారేయరు. మరుసటి ఆదివారం నన్ను హాల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, కళ్ళకు తువ్వాలు కట్టారు. ముందు గదిలోంచి ఒక్కో అట్టనూ తెచ్చి నా ముక్కు దగ్గర పట్టుకున్నారు. నేను వాసన ఉందంటే ఒక పక్క, లేదంటే మరో పక్క పెడుతున్నారని తర్వాత తెలిసింది. మధ్యమధ్య నాకు తెలియకుండా ఒకసారి చూపించినదాన్నే మళ్ళీ తెచ్చారు. రెండోసారీ నేను అదే మాట చెప్పాను. అత్తగారు పక్కన నిమ్మకాయ చెక్క పట్టుకుని నిలబడింది, నాకు తిప్పినప్పుడల్లా వాసన చూపించడానికి.

తువ్వాలు విప్పి చూస్తే, గట్టి ప్లాస్టిక్ వీరులందరూ ఒకవైపు క్షేమంగా ఉన్నారు. రెండోవైపు ఉన్నదంతా గజ ఈతగాళ్ళ దళం. అందరూ ఉన్నారు, ఎర్ర జుట్టావిడ తప్ప.

మామగారు భూతద్దం తీసి దళపతి అట్టను వెలుగులో వాల్చి చూశారు. ఇన్నాళ్ళూ ఆయన భూతద్దం చూసింది అట్ట మూలల్నీ సీలు అంచుల్నే. తర్వాత భూతద్దం అత్తగారికిచ్చారు. ఆవిడ చూసి నాకిచ్చింది. బుడగ లోపలివైపు సన్నటి నూనె పొర పట్టింది. దళపతి నల్ల దుస్తుల మీద చిన్న చిన్న బొట్లు మెరుస్తున్నాయి.

“చెమట పట్టింది,” అన్నారు మామగారు.

“నీళ్ళలో ఉండేవాళ్ళకి చెమటేంటి నాన్నా,” అన్నాడు మా ఆయన తలుపు దగ్గర నుంచి. ఎవరూ నవ్వలేదు. తను మెల్లగా జారుకున్నాడు.

విషయం అత్తగారే విడమరిచి చెప్పింది. మెత్తని ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి ఫ్యాక్టరీలో ఒక నూనెలాంటిది కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది మెల్లగా పైకి ఊరుతుంది. గాలి తగిలే బొమ్మకైతే అప్పుడప్పుడు తుడుస్తాం, సరిపోతుంది. మూసిన బుడగలో ఆ జిడ్డు ఎక్కడికి పోతుంది? అక్కడే ఉండి, బొమ్మనూ దాన్ని ఆనుకున్న ప్రతిదాన్నీ తింటుంది.

“అయితే ఏమంటావు?” అన్నారు మామగారు.

“విప్పాలంటాను.”

“అదే అంటావని తెలుసు. పెళ్ళయినప్పటి నుంచీ అదే అంటున్నావు.”

“అప్పుడు సరదాకి అన్నాను. ఇప్పుడు కట్లు వేసే మనిషిగా అంటున్నాను.”

ఆయన అట్టలన్నీ తీసుకెళ్ళి అరలో పెట్టి తలుపు వేసుకున్నారు. వారం రోజులు ఆ విషయం ఎత్తలేదు. కానీ పొద్దున తనిఖీ మానేశారు. పేపరు తిరగేసి పట్టుకుని కూర్చునేవారు.

ఈ సంగతి ఎలా తెలిసిందో, పళ్ళ డాక్టరు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. సన్నగా, శుభ్రంగా, తెల్లటి పలువరుసతో ఉంటాడు. సోఫాలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

“విప్పుతారని విన్నాను. నిజం కాదని చెప్పండి సార్.”

“ఇంకా ఏమీ అనుకోలేదు,” అన్నారు మామగారు.

“అనుకోకండి. విప్పిన క్షణంలో అది మామూలు బొమ్మ. రేపు మన ప్రదర్శనలో ఆ అర ఖాళీగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? జిడ్డంటారా, చల్లగా చీకట్లో ఉంచండి. మన జీవితాలు దాటేదాకా ఏమీ కాదు. మీరు చేయబోయేది హత్య సార్.”

మామగారు లేచి లోపలికెళ్ళి దివిటీవాడి అట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. దివిటీవాడి చేతిలో పసుపు రంగు దీపం ఉంటుంది. అది గట్టి ప్లాస్టిక్‌ది. నల్ల దుస్తుల చేతిని ఆనుకుని ఉన్న చోట ఆ దీపం మైనంలా కరిగి, చేతికి అతుక్కుపోయింది.

“పోయిన నెలలో ఇలా లేదు. నాకు బాగా గుర్తుంది,” అన్నారు మామగారు. “మీ రోగి పన్ను పుచ్చిపోతుంటే, నోరు తెరవడం హత్య అంటారా డాక్టరుగారూ?”

పళ్ళ డాక్టరు టీ తాగకుండానే లేచాడు.

ఆయన గేటు దాటగానే మామగారు నా వైపు తిరిగారు. ముఖం తేటపడింది. వారం రోజులుగా లేని దర్జా ఆయన భుజాల్లోకి వచ్చేసింది.

“అమ్మా, మీ షాపులో వేడిగాలి మిషన్ ఉంది కదా. చిన్నది, చేతిలో పట్టుకునేది. ఒకరోజు తేగలవా? విప్పితే విప్పుదాం. కానీ అట్ట చిరక్కూడదు, బుడగ పగలకూడదు. సీలు ఎలా వేశారో అలాగే తియ్యాలి.”

మా షాపు యజమానురాలు ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వి, మిషన్ ఇచ్చి, ఎలా అయిందో తనకూ చెప్పాలంది.

ఆ ఆదివారం హాల్లో పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ పరిచాం. కిటికీలన్నీ తీశాం. నాకు వాసన పట్టకుండా అత్తగారు మూతికి గుడ్డ కట్టింది, గుడ్డ మీద నిమ్మరసం చల్లింది. మొదట దళపతి. అట్ట వెనక నుంచి, బుడగ అంచు వెంబడి, మిషన్‌ను దూరంగా పట్టుకుని గాలి తిప్పాను. కళ్ళద్దాల ఫ్రేముకిచ్చే వేడి కూడా ఇవ్వలేదు. కాసేపటికి జిగురు పొడిపొడిగా చిట్లడం మొదలుపెట్టింది. మామగారు పల్చటి కత్తి మొన దూర్చి, ఊపిరి బిగబట్టి, అంచు చుట్టూ నడిపించారు. బుడగ మొత్తం ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. అట్ట మీద గీత కూడా పడలేదు.

దళపతి బల్ల మీద పడుకుని ఉన్నాడు. అతన్ని ముట్టుకోవడానికి మామగారికి చెయ్యి రాలేదు.

“తియ్యండి,” అంది అత్తగారు.

“నువ్వే తియ్యి. నీకు అలవాటు.”

“మీ వాడు. మీరే తియ్యండి.”

తీశారు. జిడ్డుగా ఉందని ముఖం చిట్లించారు. అత్తగారు గోరువెచ్చని నీళ్ళలో ఒక బొట్టు సబ్బు కలిపి, మెత్తని గుడ్డ ముంచి పిండి ఇచ్చింది. ఎలా తుడవాలో చూపించింది. రుద్దకూడదు, అద్దాలి. రంగు వేసిన చోట ఇంకా మెల్లగా అద్దాలి. తర్వాత ఆరబెట్టి, మళ్ళీ చూసి, మళ్ళీ తుడవాలి. గట్టి ప్లాస్టిక్ సామాను, సిలిండరు, ఈటె, ముఖానికి పెట్టుకునే అద్దం, అన్నీ విడిగా కాగితాల్లో చుట్టి పెట్టాలి, ఒకదానికొకటి ఆనకూడదు. మామగారు ఆవిడ చెప్పిందల్లా మారుమాట లేకుండా చేశారు. ఆ ఇంట్లో అలాంటిది నేను చూడటం అదే మొదలు.

ఆరిన దళపతిని ఆయన అరచేతిలో పెట్టుకుని, మోకాలు కాస్త వంచారు. బిగుసుగా ఉంది. ఇంకాస్త వంచారు. కదిలింది. రెండో మోకాలూ వంచి, నడుం వంచి, బల్ల అంచు మీద కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టారు. దూరంగా జరిగి చూశారు.

“కూర్చుంటాడని తెలియదు,” అన్నారు.

“ఇన్నేళ్ళూ నిలబెట్టారు పాపం,” అంది అత్తగారు.

చీకటి పడేలోపు దళమంతా బల్ల అంచున కూర్చుంది. దివిటీవాడి దీపం పూర్తిగా రాలేదు. సగం అత్తగారు ఊడదీసి, సగం అలాగే ఉంచేసింది. “మచ్చ ఉంటుంది. బతికాడు, అది చాలు,” అంది.

ఇక ఎర్ర జుట్టావిడ మిగిలింది. ఆవిడకు వాసన లేదు, జిడ్డు లేదు, విప్పాల్సిన పనీ లేదు. మామగారు ఆవిణ్ణి తీసుకెళ్ళి అరలో పెట్టేశారు. మర్నాడు చూస్తే, అట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ మరుసటి రోజూ అంతే. నేను షాపు నుంచి రాగానే పిలిచారు.

“ఇలా కూర్చో అమ్మా. నాకొకటి కొరుకుడుపడటం లేదు. ఒకే కంపెనీ, ఒకే రబ్బరు, ఒకే అలమార. అందరికీ పట్టిన చెమట ఈవిడకెందుకు పట్టలేదు?”

“మంచి రబ్బరేమో మామయ్యగారూ.”

“దుకాణదారుడు కూడా అలాగే చెప్పేవాడు. మా తూకం మంచిది సార్ అని. అందరి తూకాలూ ఒకలా ఉండి ఒక్కటే వేరేలా ఉందంటే, దానికి ఎవరో చెయ్యి పెట్టారని అర్థం.”

ఆయన ముఖంలో భయం లేదు, కోపం లేదు. పనిలో ఉన్న మనిషి ముఖం. నాచేత మిషన్ మళ్ళీ తెప్పించారు. బుడగ అంచుకు వేడి తగలగానే, మిగతావాటిలా జిగురు చిట్లలేదు. తీగలా సాగింది. మామగారు తల ఊపారు.

“ఇది ఫ్యాక్టరీ జిగురు కాదు. విప్పి మళ్ళీ అతికించారు. చాలా చక్కగా అతికించారు.”

బొమ్మను బయటికి తీసి తిప్పి చూశారు. దుస్తులు పొడిగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఎడమ కాలి రెక్క మాత్రం అడుగువైపు గుంటలు గుంటలుగా ఉంది. అట్టలో ఉన్నప్పుడు ఆ వైపు కనిపించదు. అత్తగారు వేలితో తడిమి చూసి, పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది.

“ఎవరో పిల్ల కొరికిందండీ.”

నేను మామగారి వైపు చూడలేకపోయాను. ఊళ్ళో ఏ దుకాణం సీలుకైనా ఆయన మాటే చివరి మాట. ఈ బొమ్మను తీసుకునేటప్పుడు భూతద్దం పెట్టి పరీక్షించి, విప్పలేదని సంతకం పెట్టినంత గట్టిగా చెప్పింది ఆయనే. ముగ్గురు వీరుల్ని వదులుకున్నదీ ఆయనే. ఆయన ఆ గుంటల్ని చాలాసేపు చూశారు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని అత్తగారు లేవబోయింది. ఆయన నవ్వుతున్నారు.

“ఎంతమంది ఘరానా వ్యాపారుల్ని పట్టుకున్నానో. చివరికి పళ్ళు కూడా సరిగ్గా రాని పిల్ల నన్ను బోల్తా కొట్టించింది.”

పళ్ళ డాక్టరును పిలిపించారు. ఆయన రాగానే బొమ్మను చేతిలో పెట్టారు. డాక్టరు ముందు ఆ ఊడిన బుడగను చూసి తెల్లబోయాడు, తర్వాత కాలి రెక్క చూశాడు. అలవాటు చొప్పున దాన్ని దీపం వైపు తిప్పాడు.

“పాలపళ్ళు. కింద రెండు, పైన నాలుగు. ఏడాది దాటి ఉంటుంది పిల్లకి,” అని, అప్పుడు తాను ఏమంటున్నాడో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. “సార్, నాకు తెలియదు. నాకు ఇచ్చినవాడు విప్పలేదనే చెప్పాడు. నేనూ నమ్మాను.”

“మీరు అబద్ధం చెప్పారని నేననడం లేదు. చూడాల్సిన పని నాది. నేను చూశాను, ఒప్పుకున్నాను. కానీ ఒకటి గమనించండి. ఈ పిల్ల కొరికి వదిలేశాక, ఈ బొమ్మ చాలా ఏళ్ళు గాలిలో ఉంది. అందుకే బతికింది. బుడగల్లో ఉన్నవాళ్ళకు చెమటలు పట్టాయి. ఈ సంగతి ప్రదర్శనలో అందరికీ చెప్పాలి.”

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “చెప్పకండి సార్. ఎవరికి తెలుస్తుంది? మళ్ళీ అతికిద్దాం. మీ చేత్తో అతికిస్తే ఎవరూ పట్టుకోలేరు. మీ పేరూ నిలుస్తుంది, నా పేరూ నిలుస్తుంది.”

“మీ పేరు చెప్పను,” అన్నారు మామగారు. “నా పేరే చెబుతాను. జీవితమంతా సీలు వేసిన చేత్తో దొంగ సీలు వేయమంటారా?”

అత్తగారు ఆ మాటకు ఆయన వైపు చూసిన చూపు నేను చూశాను. పెళ్ళిలో కూడా అలా చూసి ఉండదు.

ప్రదర్శన ఎప్పటిలా సంఘం హాల్లోనే జరిగింది. పొడుగాటి బల్లల మీద బొమ్మలు, గోడల నిండా పోస్టర్లు. రకరకాల మనుషులు వచ్చారు. బస్సు కండక్టరు ఉన్నాడు, ఆడిటరు ఉన్నాడు, అక్కాచెల్లెళ్ళయిన ఇద్దరు టీచర్లు ఉన్నారు. ‘విప్పనివి’ విభాగంలో సీలు సారు అర ఖాళీగా ఉండటం చూసి గుసగుసలు మొదలయ్యాయి. మామగారు దళం మొత్తాన్ని ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి, పళ్ళెం పట్టుకుని మధ్యలోకి నడిచారు. మైకు అక్కర్లేదన్నారు.

“నా ఈతగత్తె విప్పని బొమ్మ కాదు. ఇన్నేళ్ళూ ఇచ్చిన మొదటి స్థానం మీరు వెనక్కి తీసుకోవచ్చు. తప్పుగా పరీక్షించింది నేను, ఇంకెవరూ కాదు. ఇదిగో పంటిగాట్లు, వచ్చి చూసుకోండి. ఇక అసలు సంగతి. ఈవిణ్ణి విప్పారు, బాగుంది. వీళ్ళను విప్పలేదు, కరిగిపోబోయారు. మీ ఇళ్ళల్లో మెత్తని ప్లాస్టిక్ బొమ్మలు బుడగల్లో ఉంటే, ఈరోజే వెలుగులో పెట్టి చూడండి.”

ఆడిటరు లేచి, ఇలా అయితే సంఘం పరువేం కావాలని కాస్త గట్టిగానే అన్నాడు. సీలు సారు మాటే నమ్మలేకపోతే ఇంకెవరిని నమ్మాలని వెనక నుంచి ఎవరో అన్నారు. మామగారు తడబడలేదు.

“నమ్మకండి. నేనూ అదే చెబుతున్నాను. చూసుకోండి.”

మొదట కదిలింది టీచర్లలో చిన్నావిడ. తాను తెచ్చిన అంతరిక్ష రాణి అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వాల్చి చూసింది. మెల్లగా మామగారి దగ్గరికొచ్చింది. “సార్, ఇది చెమటా, బుడగ మీద గీతలా? నాకు తెలియడం లేదు.”

మామగారు భూతద్దం పెట్టారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఆయనకూ తేలలేదు. అప్పుడు నా వైపు చూశారు.

“అమ్మాయ్, ఇలా రా.”

నేను వద్దన్నట్టు తల ఊపాను. అత్తగారు అప్పటికే ఒక కుర్చీ లాక్కొచ్చి హాలు మధ్యలో వేసింది, సంచిలోంచి నిమ్మకాయ తీసింది. చేసేదేముంది, వెళ్ళి కూర్చున్నాను. టీచరు అట్టను నా ముక్కు దగ్గర పెట్టింది. కళ్ళు మూసుకున్నాను. అదే వాసన.

“విప్పాలండీ,” అన్నాను.

ఆవిడ ఎందుకని అడగలేదు. తర్వాత కండక్టరు వచ్చాడు. ఆయనది గట్టి ప్లాస్టిక్. “పర్లేదు, ఉంచండి,” అన్నాను. ఆయన అట్టను గుండెకు హత్తుకుని వెళ్ళాడు. ఆ తర్వాత చూస్తే నా ముందు వరస కట్టి ఉన్నారు, ఎవరి పెట్టె వాళ్ళ చేతుల్లో. నేను వాసన చూసి చెబుతున్నాను, అత్తగారు నిమ్మకాయ అందిస్తోంది, మామగారు పక్కన నిలబడి, ఏది ఎలా విప్పాలో, అట్ట ఎలా కాపాడాలో చెబుతున్నారు. మా ఆయన మంచినీళ్ళ సీసా పట్టుకుని తిరుగుతూ, అందరికీ నన్ను చూపిస్తున్నాడు. ఆడిటరు కూడా వచ్చాడు, ఏమీ జరగనట్టు, వరస చివర నిలబడ్డాడు.

అందరూ అయ్యాక పళ్ళ డాక్టరు వచ్చాడు. చేతిలో ఆయనకు ప్రాణమైన సర్పవీరుడు, పచ్చటి మెత్తని ఒళ్ళు, విప్పని అట్ట. ఇవ్వడానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

“ఉందంటే ఉందని చెప్పమ్మా. లేదంటే లేదని చెప్పు. నన్ను చూసి చెప్పకు.”

వాసన చూడటానికి దగ్గరికి కూడా తీసుకోనక్కర్లేదు. మూతి తిప్పేసుకున్నాను. ఆయన తల ఊపి, అక్కడే నా పక్కన మరో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్ళి చేస్తానంటే మనసు మారుతుందని భయమట. మామగారు కత్తి తీశారు. అవసరం పడుతుందేమోనని షాపు నుంచి తెచ్చిన మిషన్ నేను పట్టుకున్నాను. బుడగ ఊడి వచ్చేదాకా డాక్టరు నేల వైపే చూస్తూ కూర్చున్నాడు. అత్తగారు బొమ్మను తుడిచి, భుజం కీలు రెండుసార్లు తిప్పి వదులు చేసి, ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నాడు. కాసేపయ్యాక బొటనవేలితో తోక కదిపి చూశాడు.

“కదులుతుంది,” అన్నాడు మామగారితో.

“ఆ, కదులుతుంది. ఇదిగో, మెడ కూడా తిరుగుతుంది చూడండి.”

ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయారు. హాలు ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా లేవలేదు.

ఆ తర్వాత ఆదివారాల్లో మా ఇంటికి పెట్టెలు రావడం మొదలైంది. మామగారు ముందు గదికి కిటికీ తెరిపించి, జాలీ పెట్టించారు. సంఘంలో ‘విప్పి కాపాడినవి’ అని కొత్త విభాగం పెట్టారు, దానికి పరీక్షకురాలు మా అత్తగారు. నాలుగో నెల దాటాక నాకు వేవిళ్ళు తగ్గాయి. ముక్కు మామూలైపోయింది. పెట్టె తెచ్చి ముందు పెడితే, అట్ట వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆ మాట చెబితే మా ఆయన హమ్మయ్య అన్నాడు. మామగారు నా ఆరోగ్యం గురించి సంతోషమేనని చెప్పి, భూతద్దం తుడుచుకుంటూ కూర్చున్నారు. ముఖంలో మాత్రం నిరాశ దాచుకోలేకపోయారు.

“పోనీలెండి,” అంది అత్తగారు, ఆయన ముందు టీ పెడుతూ. “ఆడిటరుగారి కోడలికి ఇప్పుడు రెండో నెలట. కనుక్కొస్తాను.”